కథ చాప నుంచి అక్షరాల చాపకు

మా వీధి చివరి బడిలో ఏడాది పొడుగునా పెళ్ళిసందడే. వారం తిరిగేసరికి గోడకు ఒక కొత్త ఫ్లెక్సీ ఎక్కుతుంది, పాతది దిగుతుంది. దిగినవాటిని మేం అడిగి తెచ్చుకుని చింతపండు ఆరబోసుకుంటాం కాబట్టి, ఆ ఫ్లెక్సీల వల్ల ఎవరికీ లాభం లేదని మాత్రం నేను అనను. చేతులు కడుక్కునే దినమని ఒకటి, మొక్క నాటే దినమని ఒకటి, తల్లిదండ్రులను పిలిచే దినమని ఒకటి. నాటిన గుంతలోనే మళ్ళీ నాటి మళ్ళీ ఫొటో తీసే దినం కూడా ఉంది, దానికి పేరు మరిచిపోయాను. ఇన్ని దినాల మధ్య పిల్లలు చదువుకునే దినం ఎప్పుడొస్తుందా అని నేను సణుగుతుంటే, చివరికి దానికీ ఫ్లెక్సీ వేశారు. అక్కడి నుంచి మొదలైంది నా తలనొప్పి.

మాది పుంగనూరు. నా కూతురూ అల్లుడూ కుప్పంలో ఉంటారు. నేనూ మా ఆయనా కూలికి పోయి బతికినవాళ్ళం. వాళ్ళిద్దరికీ బెంగళూరులో నెల జీతాల పనులు. వెలుగు రాకముందే రైలెక్కి పోతారు, దీపాలు పెట్టాక ఇల్లు చేరతారు. అలాంటి ఇంట్లో బిడ్డను ఎవరు చూస్తారు? అందుకని మనవరాలు నా దగ్గర పెరిగింది. ఇప్పుడు చెప్పే సంగతి నాటికి ఐదో తరగతి. మా బడి ఐదు వరకే. జూన్‌లో పెద్దబడికి పోవాలి. నేను చదివింది కూడా ఐదే. అందుకే నాకొకటి బాగా తెలుసు. అక్షరం కూడబలుక్కోవడం ఐదులోపల రావాలి. ఆ తరవాత ఎవరూ నేర్పరు. పెద్దబడిలో వచ్చినవాళ్ళకు పాఠం చెప్తారు, రానివాళ్ళను వెనక బెంచీలో కూర్చోబెడతారు.

మా బడిలో రకరకాల పిల్లలున్నారు. తెలుగువాళ్ళు, ఉరుదూ మాట్లాడేవాళ్ళు, ముళబాగిలు వైపు నుంచి వచ్చిన కన్నడంవాళ్ళు, ఇంట్లో అరవం మాట్లాడేవాళ్ళు. బండలు పాలిష్ పట్టే పనికి ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చినవాళ్ళ పిల్లలు కూడా ఇద్దరో ముగ్గురో. పలక మీద మాత్రం అందరికీ తెలుగు, ఇంగ్లీషు. ఐదో తరగతి టీచరమ్మ మంచి మనిషి. పిల్లల మీద చెయ్యి ఎత్తదు. కానీ ఆమె రెండు చేతుల్లో ఒకటి ఎప్పుడూ ఫోనుకే సరిపోతుంది. గుడ్డు పెడితే ఫొటో, గుడ్డు తింటే ఫొటో, మరుగుదొడ్డి కడిగితే ఫొటో. అవన్నీ పైకి పంపకపోతే పైనుంచి ఆమెకు ఫోను.

ఆ చదువు కార్యక్రమానికి 'గడగడ చదువు' అని పేరు. తరగతిలో మూడు చాపలు వేశారు. అక్షరం దగ్గర ఆగినవాళ్ళకు అక్షరాల చాప, మాటలు చదివేవాళ్ళకు మాటల చాప, కథ మొత్తం ఆపకుండా చదివేవాళ్ళకు కథ చాప. నా మనవరాలు మొదటిరోజే కథ చాప ఎక్కింది. పుస్తకం చేతికిస్తే బోరింగు నీళ్ళలాగా దడదడా చదివేది. గొంతు మార్చి ముసలమ్మలా ఒకసారి, పోలీసులా ఒకసారి. ఆమె చదువుతుంటే పక్క గది పిల్లలు కిటికీల దగ్గరకు వచ్చేవాళ్ళు. టీచరమ్మ వీడియో తీసి పంపింది. ఆ వీడియో కుప్పంలో నా కూతురి ఫోనుకు చేరింది, అక్కడి నుంచి అదే రైల్లో పోయేవాళ్ళందరికీ చేరింది.

మా గోడ పక్కింట్లో ఉరుదూ మాట్లాడతారు. ఆ ఇంటి పిల్ల కూడా ఐదే, నా మనవరాలికి ప్రాణం. ఆ పిల్లది అక్షరాల చాప. వేలు పెట్టి, ఒక్కో అక్షరం తడిమి, ఒత్తు దగ్గర ఆగి, మళ్ళీ వెనక్కి పోయి చదివేది. గడగడ అనే పేరు పెట్టుకున్న కార్యక్రమంలో అలా చదివితే ఎవరు ఆగుతారు? రెండు మాటలు విని, సాల్లే కూర్చో అనేవాళ్ళు.

మాకు చింతపండు పని ఉంది. మాఘం దాటితే మండీవాళ్ళు మూటలు ఇళ్ళకే దింపిపోతారు. మేం పెంకు తీసి, రాతి మీద పెట్టి చిన్న సుత్తితో కొట్టి, గింజ తీసి, పండు వేరు చేస్తాం. ఒక్కదాన్నే కూర్చుంటే నడుం పోతుంది కాబట్టి నలుగురం మా అరుగు మీద చేరతాం. చేతులు పని చేస్తుంటే నోరు ఊరికే ఉండదు కదా. అక్కడ అన్ని ఊళ్ళ కథలూ నడుస్తాయి, ఎక్కువగా నేనే చెప్తాను. సాయంత్రం బడి వదిలాక పిల్లలు కూడా పుస్తకాలు తెచ్చుకుని మా పక్కనే చేరతారు. మా వీధిలో పిల్ల చదివిందా లేదా అని తెలుసుకునే పద్ధతి ఒకటే. పుస్తకం పక్కన పెట్టి ఒప్పజెప్పమంటాం. తడబడకుండా ఒప్పజెప్తే చదివినట్టు. మా అమ్మ కాలం నుంచీ అంతే. నా మనవరాలు పెద్ద పిల్లల పాఠాలు కూడా ఒప్పజెప్పేది. మేమంతా సుత్తులు ఆపి మెచ్చుకునేవాళ్ళం.

ఒకరోజు బడి నుంచి కొత్త కథల పుస్తకం తెచ్చింది. సంతకు పోయిన మేక కథ. తెచ్చిన రోజే చదివింది, మేం నవ్వాం. మరుసటిరోజు ఎదురింటామె మళ్ళీ అడిగింది.

"ఏమ్మే, ఆ మేక కత మల్లా సదువు. నిద్రొస్తాంది నాకు."

మనవరాలు పుస్తకం తెరిచి పేజీలు తిప్పుతూ అందుకుంది. మేక సంతకు బయలుదేరింది, దారిలో ఆటో ఎక్కింది, ఆటో అబ్బాయి చొక్కా నమిలింది, సంతలో దిగి బట్టలవాడి తలపాగా తినేసింది. ఎదురింటామె నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. చింతపండు చేత్తో తుడుచుకోవడం వల్ల మంటెత్తి కళ్ళు కడుక్కోవడానికి లేచింది కూడా.

పని అయ్యాక పుస్తకం తీసి తుడుద్దామని చూశాను. బడి పుస్తకం కదా, మరకలైతే టీచరమ్మకు మాట వస్తుంది. మధ్యలో ఒకచోట లావుగా తగిలింది. రెండు కాగితాలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. ముందురోజు పడ్డ చింతపండు, ఎండి బంకలా పట్టేసింది. తడిగుడ్డ అద్ది, చిరగకుండా మెల్లగా విడదీశాను. లోపల బొమ్మ కనబడింది. మేక ఆటోలో కూర్చుని ఉంది. కింద ఆటో అబ్బాయి చొక్కా సంగతంతా రాసి ఉంది.

 నేను విడదీసేదాకా ఆ పేజీలు తెరుచుకోనేలేదు. ఇందాక ఇది చదివింది కదా, ఎక్కడ చూసి చదివింది?

పిల్లను పిలిచి, బెల్లం కట్టించుకొచ్చిన పేపరు ముక్క చేతికిచ్చాను. "ఇది సదువు పాపా."

"సిన్న అక్షరాలు అవ్వా. కండ్లు నొప్పి."

"పైన పెద్దగా ఉండాది సూడు, అది సదువు."

పిల్ల పేపరును చాలాసేపు చూసింది. "నువ్వు మొదటి మాట సెప్పు అవ్వా. మిగతాది నేను సెప్తా."

"మొదటి మాట నేను సెప్తే నువ్వు సదివేది ఏముండాది?"

తల దించుకుంది. అక్షరాలు విడివిడిగా గుర్తుపడుతుంది. కొమ్మో ఒత్తో తగిలిందంటే ఇక తెలియదు. తరగతిలో ఎవరైనా ఒకసారి గట్టిగా చదివితే చాలు, మాట పొల్లుపోకుండా పట్టేసుకుంటుంది. బొమ్మ చూసి ఏ పేజీయో తెలుసుకుంటుంది. ఇన్నేళ్ళూ అలాగే నడిపింది. ఆ జ్ఞాపకం ఎక్కడిదో వేరే చెప్పాలా, నాదే. మా అరుగు మీద పుట్టినప్పటి నుంచీ కథలు విని పెరిగిన పిల్ల అది. మాకు కావలసిందల్లా ఒప్పజెప్పడం, ఆ పిల్లకు వచ్చిందల్లా ఒప్పజెప్పడం. ఇక చదవడం ఎవరికి కావాలి?

మరుసటిరోజు బడికి పోయాను. టీచరమ్మ గుడ్ల తట్ట ముందు ఫోను పట్టుకుని నిలబడి ఉంది.

"ఒక్క నిమిషం అవ్వా. ఫొటో ఎక్కతా ల్యాదు."

ఫొటో ఎక్కిందాకా నిలబడ్డాను. ఎక్కాక చెప్పాను. "మేడం, మా పాపకు సదవను రాదు."

"ఏ పాపకు?"

"నా మనవరాలికే."

ఆమె పకపకా నవ్వింది. "దిష్టి తగలకుండా ఇట్ల సెప్పుకుంటా తిరగతాండావా అవ్వా? బడికంతా ఫస్టు సదివేది నీ మనవరాలే కదా."

అతుక్కున్న పేజీల సంగతి చెప్పాను. ఆమె నమ్మలేదు. పిల్లను పిలిచి తెలుగు వాచకం చేతికిచ్చి ఒక పాఠం తీయమంది. నా మనవరాలు నా వైపు ఒకసారి, పుస్తకం వైపు ఒకసారి చూసి మొదలుపెట్టింది. ఆహా, ఏమి చదువు! ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది, ఎక్కడ ఆశ్చర్యపోవాలో అక్కడ ఆశ్చర్యపోయింది.

"అది క్లాసులో సెప్పేసిన పాఠం కదా మేడం. ఇంకా సెప్పనిది ఇయ్యండి."

ఆమె వెనక పాఠం ఒకటి తీసింది. దాన్ని కూడా దడదడా ఒప్పజెప్పింది. నాకు మతిపోయింది. తరవాత తెలిసింది, గోడ పక్కింటి పిల్ల ముందురోజు సాయంత్రం మా అరుగు మీద ఆ పాఠమే కూడబలుక్కుంటూ కూర్చుందట. ఆ పిల్ల కష్టపడి తవ్వుకున్నదాన్ని ఈ పిల్ల పక్కన కూర్చుని చెవుల్లో పోసుకుంది.

టీచరమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది. "ఇంటికి పో అవ్వా. మదనపల్లెలో సదువు పోటీ ఉండాది. మా బడి నుంచి నీ మనవరాలి పేరే పంపించినాం. బిడ్డను బెదిరించొద్దు."

బయటకు వస్తుంటే పిల్లలు నన్ను చూసి నవ్వారు. మనవరాలికి చదవడం రాదని చెప్పుకోవడానికి బడికొచ్చిన అవ్వను వాళ్ళు ఎన్నడూ చూసి ఉండరు.

ఆదివారం పిల్లను వెంటబెట్టుకుని కుప్పం పోయాను. వారమంతా పోగైన బట్టలు ముందేసుకుని నా కూతురు ఉతుకుతోంది. ఉన్నదున్నట్టు చెప్పాను. బట్ట బండకేసి కొట్టింది.

"నువ్వు మారవు మా. నా బిడ్డను నలుగురు మెచ్చుకుంటా ఉంటే నీకేమి కష్టం? రైల్లో ముక్కూ మొకం తెలీనోళ్ళు కూడా అడగతాండారు, ఆ వీడియోలో సదివే పాప మీ పాపేనా అని."

"నాకేం కష్టం మే? జూన్లో పెద్దబడికి పోతే దానికే కష్టం."

అల్లుడు మధ్యలోకి వచ్చాడు. "రాకపోతే పోటీకి యాల పంపిస్తారత్తా? అంత సదువుకున్నోళ్ళకి తెలీదా?" అని, బిడ్డ చేతికి కరెంటు బిల్లు ఇచ్చి చదవమన్నాడు. పిల్ల తండ్రి ముఖం చూసింది. "సరే సరే, మొదటి మాట నేనందిస్తాలే" అని ఆయనే మొదలుపెట్టి, పైనుంచి కిందిదాకా ఆయనే చదివేసి, "సూడు, ఎంత బాగా సదివిందో" అన్నాడు. నేను లేచి వంటింట్లోకి పోయాను.

కూతురు వెనకే వచ్చింది. ఆమె చేతులు సబ్బుతో తెల్లగా పాలిపోయి ఉన్నాయి. "అమ్మా, పొద్దున చీకట్లో పొయ్యేటప్పుడు ఆ వీడియో సూసుకుంటా పోతానమ్మా. అదొకటి ఉండనీ."  సంగటి కెలికి తినేసి బస్సెక్కి వచ్చేశాం.

మదనపల్లె పోటీకి నేనే తీసుకుపోయాను. పెద్ద షామియానా, బోలెడు బళ్ళ పిల్లలు, మైకు. ఒక పెట్టెలోంచి పిల్లలు ఎవరికి వాళ్ళు ఒక పుస్తకం తీసుకుని చదవాలి. పుస్తకాలన్నీ కొత్తవి, ఎవరూ చూడనివి. నాకు ప్రాణం కుదుటపడింది. ఇక్కడ బయటపడుతుంది, ఇక్కడైనా ఎవరో ఒకరు చెప్తారు, ఈ పిల్లకు అక్షరాలు నేర్పండి అని. నా బిడ్డ బిడ్డ ఓడిపోవాలని కోరుకుంటూ అంతమందిలో కూర్చున్నదాన్ని నేనొక్కదాన్నే.

మనవరాలు పుస్తకం తెరిచింది. చూసింది. పేజీ తిప్పింది. అట్ట మీద కుళాయి బొమ్మ నాకు కూడా కనబడింది. ఊళ్ళోకి నీళ్ళు ఎలా వస్తాయో చెప్పే పుస్తకం. చెరువు, గొట్టం, ట్యాంకు, కుళాయి. నా మనవరాలు గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. అనగనగా ఒక అవ్వ ఉందట. కుళాయితో కొట్లాటకు దిగిందట. నిన్న రాలేదు, మొన్న రాలేదు, నీ మొగం చూసి బిందె పట్టుకుని ఎంతసేపు కూర్చోవాలి అని. కుళాయేమో నన్నడిగితే ఏం లాభం, ట్యాంకును అడుగు అందట. అవ్వ ట్యాంకెక్కిందట. మాట మాటకీ నా గొంతే, నా తిట్లే. షామియానా కింద ఉన్నవాళ్ళంతా పొట్ట పట్టుకుని నవ్వారు. పోటీకి మార్కులేసే పెద్దమనుషుల్లో ఒక్కరైనా ఆ పుస్తకం వైపు చూస్తారేమోనని చూశాను. అందరూ పిల్ల ముఖమే చూస్తున్నారు.

"భావం పలికించి చదివిన పాప" అని మైకులో పిలిచి షీల్డు చేతికిచ్చారు.

నేను లేచి నిలబడ్డాను. "అయ్యా, ఆ పుస్తకంలో అవ్వ ల్యాదు!"

పక్కనున్నాయన నా కొంగు పట్టి లాగాడు. "కూర్చోమ్మా. మనవరాలికి ప్రైజొస్తే సంతోషపడాల గానీ, యాల అరస్తాండావు?"

వచ్చేటప్పుడు బస్సులో పిల్ల షీల్డు ఒళ్ళో పెట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఊరు దాటాక అడిగింది.

"అవ్వా, పెద్దబడి పుస్తకాల్లో బొమ్మలుంటాయా?"

"పైతరగతులకు పొయ్యేకొద్దీ తగ్గిపోతాయి పాపా."

"ఈడ తెలిసిపోతాది అనుకుంటి అవ్వా. ఎవురికీ తెలీలా." నవ్వబోయింది, ముఖం వంకరపోయింది. "మరి నేనెట్ల సేసేది?"

ఏడ్చేసింది. ముందు సీటామె వెనక్కి తిరిగి షీల్డును చూసి, సంతోషంతో ఏడుస్తోందనుకుని తల నిమిరింది. నాకు ఒళ్ళు మండింది, కానీ ఆమె తప్పేముంది? నేను పిల్లతో ఒకటే అన్నాను. "రేపు మేడంకు నువ్వే సెప్పు. నేను సెప్తే ఎవురూ ఇనుకోల్యా."

మరుసటిరోజు తనతోపాటు నేనూ బడికి పోయాను. షీల్డును బల్ల మీద పెట్టి, పిల్ల మెడలో దండ వేసి ఫొటో తీశారు. అయ్యాక నా మనవరాలు దండ తీసి చేతిలో పట్టుకుని, కథ చాప దాటిపోయి, అక్షరాల చాప మీద పక్కింటి పిల్ల పక్కన కూర్చుంది.

"ఆడ కాదు పాపా, ఈడ" అంది టీచరమ్మ.

"నాకు సదవను రాదు మేడం."

తరగతంతా గొల్లుమంది. టీచరమ్మ గుమ్మంలో ఉన్న నన్ను చూసింది. ఆమెకు కోపం వచ్చిందని నాకు తెలిసింది. "సరే" అని సుద్దముక్క తీసుకుని నల్లబల్ల మీద అప్పటికప్పుడు తోచింది ఒక వాక్యం రాసింది. బొమ్మ లేదు, ఎవరూ ముందుగా చదవలేదు. "లెయ్. సదువు."

పిల్ల లేచింది. నోరు తెరిచింది, మూసింది. మొదటి మాట ఎవరైనా అందిస్తారేమోనని అటూ ఇటూ చూసింది. నవ్విన పిల్లలు నవ్వు ఆపేశారు.  పరిగెత్తి పోయి ఆ మాటేదో నేనే అందించేద్దామా అనిపించింది.

అంతలో కింద కూర్చున్న పక్కింటి పిల్ల, గాలిలో వేలు కదుపుతూ, తనలో తాను మొదలుపెట్టింది. "మ... న... మన. బా... వి... బావిలో. కు... క్క... కుక్క. కుక్కపిల్ల. ప... డిం... ది." ఒక్క గంతు వేసి లేచింది. "మేడం! యాడ బావి మేడం? బతికే ఉండాదా కుక్కపిల్ల?"

పిల్లలంతా కిటికీల దగ్గరకు పరిగెత్తారు. ఏ బావీ లేదు, ఊరికే రాశానని నచ్చజెప్పి అందరినీ కూర్చోబెట్టేసరికి టీచరమ్మకు తలప్రాణం తోకకొచ్చింది. తరవాత ఆమె కుర్చీలో కూలబడి, ముందు పక్కింటి పిల్లను, తరవాత నా మనవరాలిని చూసింది. ఇంట్లో తెలుగు లేని పిల్లకు ఊహించుకునే దారి లేదు. అక్షరం చూసి తీరాలి. నా పిల్లకు అన్నీ ఊహకే అందుతాయి, అక్షరం అక్కర్లేకపోయింది. అది మా ఇద్దరికీ అర్థమైందనే నాకు అనిపించింది.

"అక్షరాల చాపలోనే పెట్టండి మేడం" అన్నాను.

ఆమె ఫోను తీసి, ఎవరిది ఏ చాపో రాసిన లెక్క తెరిచి ఏదో నొక్కింది, మళ్ళీ నొక్కింది. "ఇదొక కర్మ అవ్వా. దీంట్లో కింది చాప నుంచి పైచాపకు ఎక్కించేదానికే ఉండాది. పై నుంచి కిందికి దించేదానికి ల్యాదు. నేనేం సేసేది?"

నేనూ ఆమే ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆమెకు మొదట నవ్వు వచ్చింది, తరవాత నాకు. చివరికి ఇలా కుదుర్చుకున్నాం. ఫోనులో నా మనవరాలు కథ చాప మీదే ఉంటుంది. కింద మాత్రం అక్షరాల చాప మీద కూర్చుంటుంది. ఎవరైనా చూడవచ్చినప్పుడు పరుగున పోయి కథ చాప మీద కూర్చుని ఫొటో దిగి, వాళ్ళు పోగానే తిరిగి వస్తుంది. పక్కింటి పిల్లను ఫోనులో పైకి ఎక్కించారు, ఆ పిల్ల మాత్రం చాప మారలేదు. నా మనవరాలికి టీచరయింది. అబ్బో, ఎంత గట్టి టీచరో! చేతిలో స్కేలు పెట్టుకుని కూర్చునేది.

"ఊహించొద్దు. ఏలు పెట్టు."

"తెలుసులే నాకు, అది కోతి."

"కోతి కాదు. మల్లా సూడు. ఒత్తు ఉండాది."

"బొమ్మలో కోతి ఉండాది కదా."

"బొమ్మ మీద నా చెయ్యి పెట్టేస్తా. ఇప్పుడు సదువు."

అరుగు మీద నాకు వచ్చిన తిట్లు ఇన్నీ అన్నీ కావు. ఎదురింటామె సుత్తితో నన్ను చూపించి మరీ అనేది. "బంగారట్లా సదివే బిడ్డను సెడగొట్టినావు కదమ్మా. ముందు ఎట్ల సదివేది! ఇప్పుడు సూడు, నత్తినత్తిగా. ఆ పేజీ అయ్యేలోపల నా మూట అయిపోతాంది." నిజం చెప్తున్నాను, వినలేక నాకూ విసుగు పుట్టేది. ఒక్క మాట దగ్గర పిల్ల కొట్టుకుంటుంటే మాట నాలిక చివరిదాకా వచ్చేది. చింతగింజ నోట్లో వేసుకుని చప్పరించేదాన్ని, మాట బయటకు రాకుండా. ఒకరోజు కుప్పానికి ఫోను చేసి తల్లికి చదివి వినిపించింది. కాసేపు విని నా కూతురు, "సిగ్నలు ల్యాదా మా? ఆగి ఆగి వస్తాంది" అంది. సిగ్నలు బాగానే ఉంది, నీ బిడ్డ చదువుతోంది అని చెప్పాను.  "సదవనీ మా. రోజూ ఫోను సెయ్యమను, నేను రైల్లో ఇనుకుంటా ఉంటా" అంది.

ఏడాది చివర 'ఉత్తమ పఠనం' అని మా బడి నుంచి మనవరాలికి సర్టిఫికెట్టు ఇచ్చారు. ఫోనులో అలా ఉంది కాబట్టి ఇవ్వక తప్పదన్నారు. తీసుకున్నాం.

జూన్‌లో పెద్దబడిలో చేర్చడానికి పోయాం. అక్కడి టీచరమ్మ ఆ సర్టిఫికెట్టు చూసి, "అయితే ఇది సదువు" అని సాంఘికం పుస్తకం మధ్యలో ఎక్కడో తెరిచి చేతికిచ్చింది. నేను కుర్చీ అంచుకు జరిగాను. పేజీ నిండా అక్షరాలే. మనవరాలు వేలు పెట్టింది. మెల్లగా, కూడబలుక్కుని, ఒత్తు దగ్గర ఆగి, వెనక్కి పోయి, మళ్ళీ వచ్చి, ఒక వాక్యంలో సగం దాటింది. టీచరమ్మ గోడ గడియారం చూసింది.

"ఏందమ్మా, సర్టిఫికెట్టులో అట్ల రాసిచ్చినారు, పాపేమో ఇంత నిదానంగా సదవతాండాది? ఇంట్లో బాగా సదివించాల. ఇట్లయితే ఎనకబడిపోతాది."

నాకు కోపం ఎక్కడినుంచో పొంగుకొచ్చింది. ఈ చదువు కోసం ఎన్ని చోట్ల నవ్వులపాలయ్యానో ఈమెకు మొదటి నుంచీ చెప్పాలంటే ఒక పూట చాలదు. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. ఆమె అప్పటికే పుస్తకం మూయడానికి చెయ్యి చాచింది. నా మనవరాలు పేజీ మీంచి వేలు తీయలేదు.

"ఉండండి మేడం. ఇంకా రెండు మాటలు ఉండాయి" అని మళ్ళీ తల వంచింది.